చర్చించి వాయిదా వేయడమైనది

జూన్ 3, మంగళవారం

ఇవాళ కౌన్సిల్ ప్లీడరుగారు తానే నడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇది రెండోసారి. మొదటిసారి పెన్ను అడిగి పట్టుకెళ్లాడు, తిరిగి ఇవ్వలేదు.

ఈసారి ఒక కాగితం తెచ్చాడు. తొమ్మిదేళ్ల కిందటి మార్చి సమావేశం మినిట్స్ నకలు. పద్నాలుగో అంశం దగ్గర ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఉంది. "దర్జీల వీధి కింది పాత మురుగు కాలువ మరమ్మతు. చర్చించి వాయిదా వేయడమైనది." కింద నా సంతకం. అప్పట్లో సంతకం చివర తోక పెట్టేదాన్ని.

"ఇది సరైన నకలే, పూర్తి నకలే అని రాసి సంతకం పెట్టండమ్మా. టైలరమ్మ కేసులో దాఖలు చెయ్యాలి."

పోయిన వానాకాలం దర్జీల వీధిలో రోడ్డు కుంగింది. దాంతోపాటు ఒక దుకాణం ముందుగోడ కూలింది. గోడ పక్కనే మిషను దగ్గర కూర్చున్న టైలరమ్మకు తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ఆమె కౌన్సిల్ మీద కేసు వేసింది. పాత ఇంజనీరుగారు, రిటైరై ఏడెనిమిదేళ్లయింది, ఆమె తరఫున సాక్ష్యం చెప్పాడు. "ఆ కాలువ కూలుతుందని నేను సభలో నిలబడి చెప్పాను, వాళ్లకు తెలుసు," అన్నాడు. మాకెవరూ చెప్పలేదు, కావాలంటే మినిట్స్ చూసుకోండి అని కౌన్సిల్ వాదన.

సంతకం పెట్టాను. నకలు సరైనదే మరి.

ప్లీడరుగారు వెళ్లిపోయాక ఒక సందేహం వచ్చింది. చర్చించి అని రాశానే, ఏం చర్చించారు?

గుర్తులేదు.

జూన్ 4

నిజంగానే గుర్తులేదు.

జూన్ 8, ఆదివారం

మావారిని అడిగాను. ఆయన ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు, ఇంకా నడుపుతున్నాడు. ఊళ్లో ఏ గుంత ఎక్కడుందో ఆయన నడుముకు తెలుసు.

"దర్జీల వీధా? మలుపు తిప్పగానే డప్పు మీద పోతున్నట్టుండేది. కింద డొల్ల అని డ్రైవర్లందరికీ తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి? డిపోలో చెప్తే బ్రేకులు సరిగా వెయ్యి అంటారు." నా వైపు తిరిగి, "ఏంటి ఇవాళ నీ ఆరా?" అన్నాడు.

ఏమీ లేదన్నాను. సాయంత్రం కూరగాయలకని బయలుదేరి దర్జీల వీధికి వెళ్లాను. మ్యాన్‌హోలు మూతలు లెక్కపెట్టాను. ఆఫీసు మ్యాపులో తొమ్మిది ఉన్నాయి, నాకు ఏడే కనిపించాయి. రెండింటి మీద తారు పోసేశారు కాబోలు. ఒక మూత దగ్గర వంగి చెవి పెట్టాను. కింద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది, కానీ మూత కిందనుంచి కాదు, నాలుగైదు అడుగుల ఎడమనుంచి, దుకాణాల వైపునుంచి. నీరు దారి మార్చుకుంది.

ఇస్త్రీ బండి అతను, "ఏమైనా పడిపోయిందా అమ్మా?" అని అడిగాడు. చెవిపోగు అన్నాను. పాపం, అతనూ కాసేపు వెతికాడు.

కూరగాయలు తేవడం మర్చిపోయాను.

జూన్ 17, మంగళవారం

సర్వసభ్య సమావేశం. మూడు గంటలు.

ఉన్న నిధి ఒక్క పనికే సరిపోతుంది. స్టేషను కూడలి మీద ఫ్లైఓవరా, పాత కాలువలన్నీ మార్చడమా? టైలరమ్మ కేసు ఓడితే పరిహారం కూడా అందులోంచే పోవాలి. మేయరమ్మ రెండు ఫైళ్లూ రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూస్తున్నట్టు కూర్చుంది.

"ఫ్లైఓవరైతే కళ్లకు కనబడుతుంది," అన్నాడు స్టేషను వార్డు సభ్యుడు. "కాలువ కడితే ఎవరు చూస్తారండీ? దానికి రిబ్బను ఎక్కడ కట్టాలి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మినిట్స్‌లో మాత్రం ఎవరూ నవ్వరు. మినిట్స్‌లో అందరూ అభిప్రాయపడతారు.

మేయరమ్మ నవ్వలేదు. "ఆ ఇంజనీరు చెప్పింది నిజమైతే?" అని ప్లీడరుగారిని అడిగింది.

"పెద్దాయన పాపం, వయసు మీద పడింది. చెప్పాలనుకున్నవన్నీ చెప్పేశాననుకుంటున్నాడు. మనసులో అన్నది బయటికి అన్నట్టే ఉంటుంది కదండీ ఆ వయసులో. రికార్డులో లేదు."

రికార్డు అన్నప్పుడు ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ నా వైపు చూశారు. నేను రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఇంజనీరుగారు నిజంగా ఆ మాట అని ఉంటే, దాన్ని నాచేత ఎవరో తీసేయించి ఉండాలి. అప్పటి ఛైర్మనే అయ్యుంటాడు, అప్పటికి మాకింకా మేయర్లు లేరు. కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇది వద్దు" అనేవాడు. చాలాసార్లు అన్నాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. అడగడానికి లేదు.

మినిట్స్ ఆమోదం పొందాక షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు చింపేయాలని రూలు. నావి ఎక్కడున్నాయో తెలియదు.

జూన్ 18

అటక మీద ఉన్నాయి. తెలియదని ఎందుకు రాశానో.

జూన్ 22, ఆదివారం

మావారి యూనిఫాం ప్యాంటు అంచు ఊడింది. ఊళ్లో ఇంతమంది దర్జీలుండగా నేను టైలరమ్మ దగ్గరికే వెళ్లాను. అంచు దానంతటదే ఊడిందా, నేను ఊడదీశానా అన్నది ఇక్కడ రాయను.

దుకాణానికి ముందుగోడ బదులు టార్పాలిన్ పట్టా కట్టుకుంది. లోపల రెండు మిషన్లు. ఒకటి కాలితో తొక్కేది, దాని మీద దుమ్ము. రెండోది మోటారుది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నదై ఉంటుంది. చేతికర్రను కుర్చీకి ఆనించి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. అయినా ప్రతి మాటా అర్థమవుతుంది.

ప్యాంటు తిప్పి చూసింది. "కత్తెరతో కోసినట్టుందే అక్కా."

నేను అరలోని దారపు రీళ్లు లెక్కపెట్టాను.

"మీరు కౌన్సిల్లో మూల బల్ల దగ్గర కూర్చుని రాసేవారు కదా," అంది. "పిటిషన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశాను. తల ఎత్తకుండా రాస్తున్నారు. మిషను తొక్కేవాళ్లం మేమూ అట్లాగే కూర్చుంటాం, అందుకే గుర్తుండిపోయారు."

చూసిపొమ్మని కౌన్సిల్ పంపిందా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి అంచుకు గుచ్చుతోంది.

"కాలు ఎట్లా ఉంది?" అన్నాను.

"వాన వస్తోందని రేడియో కంటే ముందు చెప్తుంది." మిషను ఆపింది. "అక్కా, ఒక్కటి అడుగుతాను, మీకు తెలిస్తే చెప్పండి, లేకపోతే లేదు. ఎవరికీ తెలియకుండా కూలిందంటే నా రాత అనుకుని ఊరుకుంటాను. గోడకు నేనంటే పగ లేదు కదా. కానీ తెలిసి కూడా చెప్పలేదంటే అది వేరు. చెప్పి ఉంటే నేను ఆ రోజు లేచి పక్కకు పోయేదాన్ని కదా. ఎవరికైనా తెలుసా తెలియదా, అదొక్కటే నాకు కావాలి."

"నాకు గుర్తులేదమ్మా," అన్నాను.

తెలుసా అని అడిగితే గుర్తులేదని చెప్పాను. తేడా ఆమెకు తెలిసింది. ప్యాంటు మడిచి చేతిలో పెట్టింది. ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు.

జూన్ 29, ఆదివారం

మావారు డ్యూటీకి వెళ్లగానే స్టూలు వేసుకుని అటక ఎక్కాను.

ఇరవై ఆరేళ్ల పుస్తకాలు, తాళ్లతో కట్టినవి. నేను ఏదీ పారేయలేదు. నాకు నేర్పిన పాత స్టెనోగారు రూలు ప్రకారం అన్నీ చింపేసేవాడు. ఆయన నాకు నేర్పింది ఇంకొకటి కూడా ఉంది: "తల్లీ, తేలని విషయాన్ని మూడు మాటల్లో తేల్చెయ్యాలి." ఆ మూడు మాటలు ఇప్పటికి ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో.

తొమ్మిదేళ్ల కిందటి మార్చి పుస్తకం దొరికింది. పద్నాలుగో అంశం చివరి నుంచి మూడో పేజీలో ఉంది. నా షార్ట్‌హ్యాండ్ గీతలు నాకే కొత్తగా అనిపించాయి. నిటారుగా, పొందికగా ఉన్నాయి. చదివాను.

ఇంజనీరు: దర్జీల వీధి కాలువకు ఇటుక కమాను కప్పు. నేనే దిగి చూశాను. నలభై అడుగుల మేర చీలింది. చీలికలో నా చెయ్యి మోచేతి దాకా పోయింది. పైమట్టి జారుతోంది. ఇంకా ఎన్ని వానలు ఓర్చుకుంటుందో చెప్పలేను. బాగు చేసేలోగా ఎడమ పక్క పదకొండు దుకాణాలు ఖాళీ చేయించాలని కోరుతున్నాను.

అన్నాడు. ఒక్కొక్క మాటా అన్నాడు.

తర్వాత ఛైర్మన్ మాట కోసం వెతికాను. "ఇది వద్దు" అన్నచోటు కోసం వెతికాను. అదీ ఉంది, ఛైర్మన్ మాట. ఇట్లా ఉంది:

ఛైర్మన్: వచ్చే నెల ఎన్నికలు. ఇంత పెద్ద పనికి ఇప్పుడు మనం తీర్మానం చేయలేం. కొత్త సభకు వదులుదాం. ఇంజనీరుగారు చెప్పింది పూర్తిగా మినిట్స్‌లోకి ఎక్కించండి, కొత్తవాళ్లు చదువుకుంటారు.

నాలుగుసార్లు చదివాను. వేరే అర్థం వస్తుందేమోనని గీతలు వెలుతురుకు పెట్టి చూశాను. ఎవరూ నాతో తీసేయమనలేదు. పూర్తిగా ఎక్కించమన్నారు.

పేజీ అంచున, చిన్నగా, నా గీతల్లోనే ఇంకో మాట ఉంది. 4.10 బస్సు.

కొత్త సభ వచ్చింది. పద్నాలుగో అంశం దగ్గర మూడు మాటలు చదువుకుంది. ఎప్పుడో ఏదో మరమ్మతు, తొందరేమీ లేదనుకుంది. అజెండాలోంచి తీసేసింది.

జూలై 1, మంగళవారం

ప్లీడరుగారి గదికి వెళ్లి చెప్పాను. తలుపు వేసి నాకు టీ తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు.

"చూడండమ్మా, ఆ పుస్తకం ఎప్పుడో చింపేసి ఉండాలి. రూలు ప్రకారం అది లేదు. లేనిదాని గురించి మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

"కోర్టులో అడిగితే?"

"ఇవి మీరు రాసినవేనా అంటారు. అవును అంటారు. దిగిపోతారు. ఇంకేమైనా అడిగితే గుర్తులేదనండి. తొమ్మిదేళ్లయింది, నిజమే కదా."

"మొన్నటిదాకా నిజమే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో సంగతి ఆలోచించండి. పరిహారం కాలువ సొమ్ములోంచే పోతుంది. ఒక్క కాలు కోసం ఊరంతా ఇంకో పదేళ్లు ఆ కాలువల మీదే నడవాలా? మీ మేలు కోరి చెప్తున్నాను. రిటైర్మెంటుకు ఎంతుంది మీకు?"

"నాలుగేళ్లు."

"మరి."

టీ చల్లారిపోయింది. తాగేసి వచ్చాను.

జూలై 2

ఏమీ లేదు.

జూలై 3

ఏమీ లేదు. పుస్తకం బీరువాలో ఉంది.

జూలై 6, ఆదివారం

మావారికి చెప్పాను. అన్నం తింటూ విన్నాడు. బస్సు సంగతి మాత్రం చెప్పలేదు.

"పుస్తకం కోర్టుకు తీసుకెళ్తావా?"

"సంచిలో పెట్టుకుంటాను. అడిగితే తీస్తాను, అడక్కపోతే లేదు."

"సీటు కింద బ్రేకు దాచుకున్నట్టుంది," అన్నాడు. ఆ పూట గిన్నెలు ఆయనే కడిగాడు.

జూలై 21, సోమవారం

కోర్టు. జరిగింది జరిగినట్టు రాస్తాను. కనీసం ఇక్కడైనా.

బోను ఎక్కాక మొదట ఇంజనీరుగారు కనిపించాడు. రెండో వరసలో, కొడుకు పక్కన. చాలా సన్నబడ్డాడు. చొక్కా జేబులో ఇప్పటికీ మూడు పెన్సిళ్లున్నాయి. పేపర్లో ఆయన గురించి మతిమరుపు అని రాశాక ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడని విన్నాను.

మా ప్లీడరుగారు అడిగాడు. అవును, నేనే రాశాను అన్నాను. ఆయన కూర్చున్నాడు. టైలరమ్మ లాయరు లేచింది. చిన్న పిల్ల, గొంతు మాత్రం పెద్దది.

"చర్చించి అని రాశారు. ఏం చర్చించారు?"

మా ప్లీడరుగారు నా వైపు చూడలేదు. ఫైలు చూసుకుంటున్నాడు. నన్ను నమ్మాడు.

"నాకు గుర్తులేదు," అన్నాను. "పుస్తకంలో ఉంది."

సంచిలోంచి తీశాను. ఆ తర్వాత పది నిమిషాలు అందరూ లేచి నిలబడి ఒకేసారి మాట్లాడారు. ఈ పుస్తకం ఉండకూడదని ఒకరు, ఉంది కదా అని ఒకరు. ఈ గీతలకు ఈమె ఏ అర్థం చెప్తే అదే అర్థమా, నమ్మేదెట్లా అని మా ప్లీడరుగారు అడిగాడు. సరైన ప్రశ్నే. జడ్జిగారు కాసేపు ఆలోచించి, పుస్తకాన్ని కోర్టు స్టెనోకు ఇప్పించారు.

ఆ అమ్మాయికి ముప్ఫై కూడా ఉండవు. నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను నేర్చుకున్న గీతలే ఆమె కూడా నేర్చుకుంది. వేలు పెట్టి తడుముకుంటూ చదివింది. "నలభై అడుగుల మేర చీలింది. చీలికలో నా చెయ్యి... మోచేతి దాకా పోయింది." నేను రాసినదాన్ని ఇంకొకరు చదవగా వినడం నాకు ఇదే మొదటిసారి. ఇంజనీరుగారు కళ్లు మూసుకున్నాడు. ఆమె చదువుతున్న మాటలకు ఆయన పెదవులు కదులుతున్నాయి, ఒక మాట ముందుగానే.

ఛైర్మన్ మాట కూడా చదివింది. పూర్తిగా మినిట్స్‌లోకి ఎక్కించండి. ఆ అమ్మాయి పనిమంతురాలు. అంచున ఉన్నది కూడా చదివింది. "నాలుగూ పది బస్సు."

"అదేమిటి?" అన్నారు జడ్జిగారు. "అదీ ఛైర్మన్ అన్నదేనా?"

"కాదండీ. అది నాది."

"అంటే?"

"ఆ బస్సుకు వెళ్లాలని తొందరలో ఉన్నాను. మర్నాడు పొద్దున మినిట్స్ టైపు చేసేటప్పుడు ఈ పేజీలు చూడలేదు. వాయిదా పడిందని గుర్తుంది, ఆ మూడు మాటలు రాసేశాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నేనే."

మా ప్లీడరుగారు ఫైలు మూసేశాడు.

బయట వరండాలో టైలరమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కనుంచి వెళ్లిపోదామనుకున్నాను. చేతికర్ర అడ్డం పెట్టింది, కొట్టడానికి కాదు, ఆపడానికి.

"బస్సు అందిందా అక్కా?" అని అడిగింది.

వెక్కిరింత కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా జన్మలో ఏ ప్రశ్నకూ అంత కష్టపడి వెతుక్కోలేదు.

"గుర్తులేదమ్మా," అన్నాను. ఈసారి అది నిజం.

ఆమె కర్ర తీసింది.

జూలై 22

మావారు పేపర్లో చదివాడు. బస్సుతో సహా.

"అందింది," అన్నాడు. "ఆ మార్చిలో నాలుగూ పది బండి నాదే. రోజూ నా వెనక సీట్లో కూర్చుని ఇంటిదాకా కబుర్లు చెప్పేదానివి. ఒక్కరోజూ తప్పలేదు."

పేపరు మడిచి డ్యూటీకి వెళ్లిపోయాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆగస్టు 26, మంగళవారం

తీర్పు టైలరమ్మ వైపు వచ్చింది.

నాకు మెమో వచ్చింది. రికార్డు అసంపూర్తిగా రాసినందుకు ఒకటి, చింపేయాల్సిన పుస్తకం దాచినందుకు ఒకటి. ఇంక్రిమెంటు కోత, జనన మరణాల సెక్షన్‌కు బదిలీ. రెండూ న్యాయమే. ఇవాళ సర్వసభ్య సమావేశంలో మూల బల్ల దగ్గర కొత్తతను కూర్చున్నాడు. నేను సెలవు పెట్టి, ప్రజలు కూర్చునే వరసలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి సభను ఎప్పుడూ చూడలేదు. వాళ్ల ముఖాలు కనిపిస్తాయి. ఇన్నాళ్లూ నాకు గొంతులే తెలుసు.

మేయరమ్మ ఫైళ్లు పక్కన పెట్టి మాట్లాడింది. "నిన్నటిదాకా తెలియదన్నాం. ఇప్పుడు తెలుసు. మిగిలిన పది దుకాణాల్లో ఒక్కటి కూలినా మనం చెప్పడానికి మాట లేదు. పరిహారం ఇద్దాం. మిగిలినదాంతో ఆ ఒక్క వీధి కాలువైనా కడదాం. ఊరంతా కట్టలేం. ఫ్లైఓవరూ కట్టలేం."

స్టేషను వార్డు సభ్యుడు చాలాసేపు వాదించాడు. అతని వాదనలోనూ పస ఉంది. ఆ కూడలిలో అంబులెన్సులు ఆగిపోతున్నాయి. చివరికి రెండు ఓట్ల తేడాతో కాలువ గెలిచింది.

బయటికి వస్తుంటే ఇస్త్రీ బండి అతను గుర్తుపట్టాడు. "ఆరు నెలలు వీధి మూస్తారంట. మేమేం తినాలి అమ్మా?" అన్నాడు. తల దించుకుని రాసుకోవడానికి చేతిలో పుస్తకం లేదు.

అక్టోబరు 5, ఆదివారం

దర్జీల వీధి తవ్వుతున్నారని తెలిసి వెళ్లాను. వెళ్లకుండా ఎట్లా ఉండగలను?

ఇనప కమ్మీలు అడ్డం కట్టారు. జనం బాగానే ఉన్నారు. కమ్మీ పట్టుకుని వంగి చూస్తుంటే పక్కన ఎవరో నిలబడినట్టయింది. జేబులో మూడు పెన్సిళ్లు.

క్షమించమని అడగాలని రెండు నెలలుగా మాటలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ రాలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"రిటైరయ్యే ముందు కొత్త సభకు ఉత్తరం రాద్దామనుకున్నాను," అన్నాడు. "సగం రాశాను కూడా. ఆ రోజు సభలో మాట్లాడుతూ మీ వైపు చూశాను. మీరు తల ఎత్తకుండా రాస్తున్నారు. అంతా కాగితం మీదికి ఎక్కుతోంది, మళ్లీ ఉత్తరమెందుకులే అని ఆపేశాను."

నిందించడానికి చెప్పలేదు. లెక్క తప్పినచోటు చూపించే మనిషిలా చెప్పాడు. తన లెక్కలోదే.

ఎప్పటినుంచో అడగాలనుకున్నది అడిగాను. "లోపలికి ఎట్లా దిగారండీ? చీలిక దగ్గరి రెండు మూతల మీదా తారు పోసేశారు కదా."

ఆయన ముఖం మారిపోయింది. ఇన్నేళ్లలో ఆయన్ని అది ఎవరూ అడగలేదనుకుంటాను. పెన్సిలు తీసి కమ్మీ అవతలికి చూపించాడు. "అదిగో, ఆ మలుపు దగ్గరి మూత మీద తారు పొయ్యలేదు. అక్కణ్ణుంచి దిగి, నడుం దాకా నీళ్లలో వంగి నడుస్తూ వచ్చాను. లాంతరు ఆరిపోయింది. చీకట్లో గోడ తడుముతూ వస్తుంటే..."

కింద ఒక పనివాడు గడ్డపార వేశాడు. ఇటుక ఊడి నీళ్లలో పడింది. ఇద్దరం వంగి చూశాం.

"ఊఁ, తడుముతూ వస్తుంటే?" అన్నాను.